మన ఊరి జైహింద్ తాత: ఆబిద్ హసన్ సఫ్రానీ

హైదరాబాదులో చదువుకునే విద్యార్థికి అబిడ్స్ తెలియకపోవడమంటూ ఉండదు. జనరల్ పోస్టాఫీసు, నెహ్రూ విగ్రహం, ఆదివారం వస్తే పేవ్‌మెంట్ల మీద పరిచే పాత పుస్తకాలు, అటు పోతే గన్‌ఫౌండ్రీ, ఇటు తిరిగితే నాంపల్లి స్టేషను. ఇవన్నీ మనకు కాలేజీతో పాటే అలవాటైనవి. అయితే ఆ పేరు ఎవరిదని అడిగితే మనలో చాలామంది తెల్లముఖం వేస్తాం. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఉండిన ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆయన ఇక్కడ ఒక పెద్ద దుకాణం పెట్టాడు. ఆబిద్ షాపు కాస్తా జనం నోట్లో అబిడ్స్ అయింది. దుకాణం పోయింది, దొరలు పోయారు, పేరు మాత్రం మిగిలింది.

ఇదే చోట ఇంకొక ఆబిద్ ఉండేవారు. ఆయన పేరు ఏ సెంటరుకూ, ఏ బస్‌స్టాపుకూ లేదు. కానీ ఆయన కూర్చిన మాట మాత్రం దేశంలో ప్రతి రోజూ కోట్లమంది నోట వినపడుతుంది. ఎన్.సి.సి. పరేడులో మనం చెయ్యెత్తి చెప్పేది ఆ మాటే. పంద్రాగస్టునాడు ప్రధానమంత్రి ఎర్రకోట మీద ఉపన్యాసం ముగించేదీ ఆ మాటతోనే. ఆ మాట జైహింద్. ఆ మనిషి ఆబిద్ హసన్ సఫ్రానీ. పుట్టింది 1911లో, మన హైదరాబాదులోనే. వయసు లెక్కన ఇప్పటి విద్యార్థులకు తాత వరస, కొందరికి ముత్తాత వరస. అసలు పేరు జైనుల్ ఆబిదీన్ హసన్.

మన ఇళ్ళల్లో యుద్ధానికి వెళ్ళొచ్చిన తాత ఒకరుంటే, ఆయన గురించి పిల్లలకు చెప్పకుండా ఉంటామా? గోడ మీద ఫోటో ఉంటుంది, పెట్టెలో మెడలు ఉంటుంది, పండుగకు అందరూ చేరినప్పుడు ఆ కథ మళ్ళీ ఒకసారి వస్తుంది. ఊరికీ అలాంటి తాతలుంటారు. వాళ్ళ కథ చెప్పుకోవలసింది ఊరివాళ్ళే. ఆ ఉద్దేశంతోనే ఈ నాలుగు మాటలు.

అబిడ్స్ నుంచి కోఠీ వైపు వెళ్తుంటే ట్రూప్ బజార్ వస్తుంది. ఇప్పుడక్కడ ఎలక్ట్రికల్ సామాన్లు, నల్లాలు, టైల్సు అమ్మే దుకాణాలు తప్ప ఇంకేమీ కనపడవు. ఒకప్పుడు అక్కడ ఆబిద్ మంజిల్ అని ఒక ఇల్లుండేది. ఆ ఇంటి ఇల్లాలు ఫఖ్రుల్ హాజియా బేగం. ఆమే మన ఆబిద్ హసన్ తల్లి. గాంధీగారి పిలుపు విని విదేశీ బట్టలు విడిచిపెట్టి, తన ఇంటి ఆవరణలోనే వాటిని కుప్ప పోసి తగలబెట్టించిన మనిషి ఆమె. ఆ రోజుల్లో అది మామూలు సంగతి కాదు. హైదరాబాదు నిజాం రాజ్యం. ఇంగ్లీషు రెసిడెంటు ఉండే కోఠీ ఆ ఇంటికి కూతవేటు దూరం. ఒక గౌరవ కుటుంబంలోని ముస్లిం స్త్రీ, రెసిడెన్సీ నీడలోనే మాంచెస్టరు బట్టలకు నిప్పు పెట్టించిందంటే ఆమె గుండె ఎంతటిదో ఊహించుకోవచ్చు.

ఆ నిప్పు పిల్లలకూ అంటుకుంది. పెద్దవాడు బద్రుల్ హసన్ గాంధీగారి యంగ్ ఇండియా పత్రికలో పనిచేశారు. ఇంట్లో ఖద్దరు, మాటల్లో స్వరాజ్యం. ఇటువైపు నాంపల్లి స్టేషన్ రోడ్డులో సరోజినీ నాయుడుగారి గోల్డెన్ థ్రెషోల్డ్ ఉండనే ఉంది. 1974లో హైదరాబాదు విశ్వవిద్యాలయం మొదలైంది ఆ ఇంట్లోనే. ట్రూప్ బజార్ ఇంటికీ నాంపల్లి ఇంటికీ నడిచిపోయే దూరమే. జాతీయోద్యమం అంటే ఎక్కడో బొంబాయిలోనో కలకత్తాలోనో జరిగిందనుకునే మనకు ఈ రెండిళ్ళు గుర్తుండాలి.

ఆబిద్ హసన్ కుర్రతనంలోనే గాంధీగారి దగ్గరికి సబర్మతి ఆశ్రమానికి వెళ్ళారు. 1930ల మొదట్లో శాసనోల్లంఘన ఉద్యమంలో చేరి జైలుకు పోయారు. అప్పటికి ఆయన వయసు సుమారు ఇరవై ఏళ్ళు, అంటే ఇప్పుడు మనం డిగ్రీ చదివే ఈడు. జైలు నుంచి వచ్చాక ఏంచేయాలి? ఇంగ్లీషువాడి చదువు వద్దనుకున్నారు. ఇంజనీరింగు చదవడానికి జర్మనీ బయలుదేరారు.

ఇక్కడొక సంగతి చెప్పుకోవాలి. ఆయనకంటే ముందు మన నాంపల్లి ఇంటి నుంచే ఇంకొకరు బెర్లిన్ చేరారు. సరోజినీ నాయుడుగారి తమ్ముడు వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బెర్లిన్‌లో భారత విప్లవకారుల సంఘాన్ని నడిపినవారిలో ఆయన ముఖ్యుడు. చివరికి 1937లో సోవియట్ రష్యాలో స్టాలిన్ కాలపు మారణకాండకు బలైపోయారు. ఒకే పేటకు చెందిన ఇద్దరు మనుషులు, ఒకరి తరువాత ఒకరు, పరదేశంలో స్వదేశం కోసం పాట్లు పడ్డారు. మొదటివారు తిరిగి రాలేదు. రెండవవారు వచ్చారు.

1941 జనవరిలో సుభాష్ చంద్రబోస్ కలకత్తా ఇంట్లో పోలీసు కాపలా తప్పించుకుని, కాబూల్, మాస్కోల మీదుగా ఏప్రిల్ నాటికి బెర్లిన్ చేరారు. అక్కడున్న భారతీయ విద్యార్థులను పిలిచి మాట్లాడారు. ఆబిద్ హసన్ చదువు అప్పటికి పూర్తికాలేదు. పూర్తిచేసుకుని వస్తే బాగుంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. ఇంజనీరైతే బతుకు తెరువుకు ఢోకా ఉండదు. కానీ చదువు పక్కన పెట్టి నేతాజీ వెంట నడిచారు. కార్యదర్శిగా, దుబాసీగా, నమ్మిన మనిషిగా ఆయనతో ఉండిపోయారు.

ఈ దారి సరైనదేనా అనే ప్రశ్న మనకు రాకుండా ఉండదు, రావాలి కూడా. హిట్లర్ జర్మనీ ఎలాంటి రాజ్యమో లోకానికంతా తెలుసు. సబర్మతిలో ఉండి వచ్చిన యువకుడు ఆ దేశంలో, ఆ పాలకుల నీడలో సైన్యం కట్టే పనికి పూనుకోవడం చిన్న విషయం కాదు. శత్రువుకు శత్రువు మనకు మిత్రుడన్నది బోసుగారి లెక్క. ఆ లెక్క ఎంత బలహీనమైనదో 1942 మేలో హిట్లర్‌ను కలిసినప్పుడే తేలిపోయింది. భారత స్వాతంత్ర్యాన్ని సమర్థిస్తూ బహిరంగ ప్రకటన చేయడానికి హిట్లర్ ఒప్పుకోలేదు. వీరులను స్మరించేటప్పుడు ఇలాంటి విషయాలు దాచిపెడితే వాళ్ళకు గౌరవం పెరగదు. వాళ్ళు నడిచిన దారిలో ముళ్ళూ బురదా ఉన్నాయని తెలిసే గౌరవించాలి.

సరే, సైన్యం సంగతికి వద్దాం. ఉత్తర ఆఫ్రికా యుద్ధంలో జర్మనీ, ఇటలీ సేనలకు బ్రిటిష్ ఇండియన్ ఆర్మీ సిపాయిలు వేలమంది పట్టుబడ్డారు. వాళ్ళలోంచి స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళతో ఇండియన్ లీజియన్ అనే పటాలం తయారైంది. సుమారు మూడువేలమంది. ఈ సిపాయిలు అంతవరకు బతికిన పద్ధతి వేరు. బ్రిటిష్‌వాడు కులాన్నీ మతాన్నీ బట్టి కంపెనీలు కట్టాడు. సిక్కులది ఒకటి, రాజపుత్రులది ఒకటి, పఠానులది ఒకటి. వంటశాలలు వేరు, నినాదాలు వేరు. ఒకరు సత్ శ్రీ అకాల్ అంటే ఇంకొకరు సలామ్ అంటారు, వేరొకరు రామ్ రామ్ అంటారు. పొద్దున్నే ఎదురుపడి పలకరించుకుంటేనే ఎవరి మతమేదో బయటపడుతుంది. ఎవరికి వారేనన్న సంగతి ఆ పలకరింపుతోనే గుర్తుకొస్తుంది.

కొత్త పటాలంలో అందరినీ కలిపేశారు. కలిసి తింటారు, కలిసి పడుకుంటారు. అలాంటప్పుడు పలకరింపు ఏది? ఏ ఒక్కరిదీ కాకుండా అందరిదీ అయ్యే మాట వెతికే పని ఆబిద్ హసన్ మీద పడింది. హలో అందామంటే అది తెల్లవాడి మాట. ఆయన చాలా మాటలు అటూ ఇటూ మార్చి చూశారట. ఒకరోజు ఇద్దరు రాజపుత్ర సిపాయిలు ఎదురుపడి జై రామ్‌జీకీ అనుకోవడం ఆయన చెవిన పడిందని, ఆ లయ ఆయనకు నచ్చిందని, ముందు జై హిందుస్తాన్ కీ అని కట్టి, అది పొడుగైపోయిందని జైహింద్ అని కుదించారని మన నగర చరిత్ర రాసినవారు చెబుతారు. ఇదే మాటను తిరువనంతపురానికి చెందిన చెంపకరామన్ పిళ్ళై అంతకుముందే వాడారని చెప్పేవారూ ఉన్నారు. ఏదేమైనా ఒక సైన్యానికి పలకరింపుగా, ఆ తరువాత ఒక దేశానికి నినాదంగా ఆ మాట నిలబడింది మాత్రం బెర్లిన్ రోజుల నుంచే. 1941 నవంబరులో ఫ్రీ ఇండియా సెంటర్ సమావేశమై జైహింద్‌ను పలకరింపుగా, జనగణమనను జాతీయగీతంగా తీసుకుంది. బోసుగారిని నేతాజీ అని పిలవడం కూడా ఆ రోజుల్లోనే స్థిరపడింది.

జనగణమనకు మన తెలుగునేలతో ఉన్న సంబంధం చాలామందికి తెలుసు. 1919లో రవీంద్రుడు దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చింది మదనపల్లె కాలేజీలో. తరువాత తూర్పు ఆసియాలో ఆజాద్ హింద్ ప్రభుత్వం వచ్చాక, సామాన్య సిపాయికి అర్థమయ్యే హిందుస్తానీలో ఆ బాణీకే పాట కావలసి వచ్చింది. శుభ్ సుఖ్ చైన్ అనే ఆ పాటను ముంతాజ్ హుసేన్‌తో కలిసి రాసినది మన ఆబిద్ హసనే. సంగీతం కూర్చింది కెప్టెన్ రామ్‌సింగ్ ఠాకుర్.

తూర్పు ఆసియాకు ఎలా చేరారన్నది సినిమా కథలా ఉంటుంది. 1943 ఫిబ్రవరి 9న జర్మనీలోని కీల్ రేవు నుంచి యు-180 అనే జలాంతర్గామి బయలుదేరింది. అందులో ఇద్దరే భారతీయులు. నేతాజీ, ఆబిద్ హసన్. నిటారుగా నిలబడి నడవడానికి చోటుండదు. ఎటు చూసినా డీజిలు వాసన. వేసుకున్న బట్టలకు, తినే రొట్టెకు, కప్పుకునే దుప్పటికి అదే వాసన. పగలు నీళ్ళ కింద, రాత్రి పైకి. పైన బ్రిటిష్ యుద్ధనౌకలు వెతుకుతూ ఉంటాయి. ఆ ఇరుకులోనే నేతాజీ పుస్తకం సవరణలు చెబుతుంటే, రాబోయే రోజుల ఉపన్యాసాలు చెబుతుంటే ఆబిద్ హసన్ రాసుకునేవారు. దారిలో ఏప్రిల్ 18న ఆ జలాంతర్గామి ఒక బ్రిటిష్ ఆయిల్ ట్యాంకరును ముంచేసింది కూడా.

ఆఫ్రికా ఖండం చుట్టి వచ్చి, మడగాస్కర్ దాటాక, హిందూ మహాసముద్రం నడిమధ్యలో జపానువారి ఐ-29 జలాంతర్గామి ఎదురుచూస్తోంది. సముద్రం అల్లకల్లోలంగా ఉంది. రెండూ దగ్గరికి జరగలేవు. చివరికి ఏప్రిల్ 28న ఒక రబ్బరు తెప్ప మీద, తాడు పట్టుకుని, నిలువునా తడిసిపోతూ ఇద్దరూ అటునుంచి ఇటు దాటారు. రెండు దేశాల జలాంతర్గాములు యుద్ధం మధ్యలో నడిసముద్రంలో ఇలా మనుషులను మార్చుకోవడం అరుదైన ఘటనగా చరిత్రకెక్కింది. మే 6న సుమత్రా కొసనున్న సబాంగ్‌లో నేల మీద కాలుపెట్టారు. దాదాపు మూడు నెలలు నీళ్ళలో గడిపిన తరువాత! అక్కడ నుంచి టోక్యో, టోక్యో నుంచి సింగపూరు. 1943 అక్టోబరు 21న సింగపూరులో ఆజాద్ హింద్ ప్రభుత్వం ఏర్పడింది. అక్కడి ఫౌజులో పట్టుబడిన సిపాయిలే కాదు, మలయా రబ్బరు తోటల్లో ఒళ్ళువంచి బతికే తమిళులూ, తెలుగువాళ్ళూ చేరారు. ఝాన్సీరాణి పేర ఆడవాళ్ళ పటాలమే వెలిసింది.

ఇక సఫ్రానీ అన్న పేరు ఎలా వచ్చిందో చూద్దాం. సఫ్రానీ అంటే కాషాయం రంగు కలవాడని అర్థం. పుట్టుకతో వచ్చిన పేరు కాదు. జెండా ఏ రంగులో ఉండాలన్న మాట వచ్చినప్పుడు ఫౌజులోని హిందూ సిపాయిలు కాషాయం ఉండాలన్నారట, ముస్లిం సిపాయిలు ఆకుపచ్చ ఉండాలన్నారట. మాటా మాటా పెరిగింది. చివరికి హిందూ సిపాయిలే పట్టు విడిచారు. ఆ ఔదార్యం చూసి ఆబిద్ హసన్ మనసు కరిగింది. వాళ్ళు వదులుకున్న ఆ రంగును తన పేరులో పెట్టుకున్నారు. ఆనాటి నుంచి చివరిదాకా ఆయన ఆబిద్ హసన్ సఫ్రానీ.

ఈ చిన్న సంగతిని కాసేపు ఆలోచించాలి. మనకు కావలసింది దక్కినప్పుడు గెలిచామని సంతోషించడం లోకరీతి. ఎదుటివాడు మనకోసం దేన్ని వదులుకున్నాడో గుర్తించి, దాన్ని మన నెత్తిన పెట్టుకోవడం పెద్దమనసు. ఒక రంగు ఈ మతానిదనీ, మరో రంగు ఆ మతానిదనీ పంచుకునే రోజుల్లో ఇది చదివితే ఆశ్చర్యంగానే ఉంటుంది.

1944 మార్చిలో జపాను సేనలతో కలిసి ఆజాద్ హింద్ ఫౌజ్ బర్మా నుంచి ఇంఫాల్ వైపు కదిలింది. ఫౌజు పటాలాల పేర్లు గాంధీ, నెహ్రూ, ఆజాద్, సుభాష్. గాంధీ బ్రిగేడుతో ఆబిద్ హసన్ యుద్ధరంగానికి వెళ్ళారు. ఒకప్పుడు గాంధీ ఆశ్రమంలో ఉన్నవారు ఇప్పుడు గాంధీ పేరున్న పటాలంలో తుపాకీ పట్టారు. ఏప్రిల్ 14న మణిపూర్‌లోని మొయిరాంగ్‌లో జెండా ఎగిరింది. అంతే, ఆ సంబరం ఎంతోకాలం నిలవలేదు. ఫిరంగులు లేవు, విమానాల అండ లేదు, తిండి అందలేదు. పైన బ్రిటిష్ విమానాలు. జూన్, జూలై వచ్చేసరికి ఆ కొండల్లో వాన మొదలైంది. ఆ వాన మన హైదరాబాదు వానలాంటిది కాదు, రోజుల తరబడి తెరిపి ఇవ్వదు. దారులు కొట్టుకుపోయాయి. వెనక్కి మళ్ళమని ఆజ్ఞ వచ్చింది.

ఆ తిరుగు ప్రయాణమే ఆయన జీవితంలో అన్నిటికంటే కష్టమైన ఘట్టం. మలేరియా, విరేచనాలు, జలగలు. తినడానికి అడవి ఆకులు. పడిపోయినవాడు లేవడం కష్టం. శత్రువు తుపాకీ కంటే ఆకలీ జబ్బులే ఎక్కువమందిని పొట్టన పెట్టుకున్నాయి. ఆ బురద దారిలో నడిచినవాళ్ళలో పంజాబీ, పఠాన్, తమిళుడు, బెంగాలీ, మరాఠీ అందరూ ఉన్నారు. ఒకడు ఇంకొకడిని భుజాన మోసేటప్పుడు వాడిదే మతమని అడగలేదు. ఆబిద్ హసన్ తరువాత ఇంఫాల్ మనుషుల గురించి ఒక చిన్న పుస్తకం రాశారు. 1971లో కలకత్తాలోని నేతాజీ రిసెర్చ్ బ్యూరో దాన్ని అచ్చువేసింది. పుస్తకం పేరులోనే ఉన్నారు ఆ సిపాయిలు. సైన్యం ఓడిపోయింది. కాని బెర్లిన్‌లో పలకరింపుతో మొదలుపెట్టిన పని ఆ అడవిలో నెగ్గింది.

1945 ఆగస్టులో జపాను లొంగిపోయింది. నేతాజీ సింగపూరు విడిచి బాంకాక్, అక్కడ నుంచి సైగాన్ వెళ్ళారు. వెంట ఉన్నవారిలో ఆబిద్ హసన్ ఒకరు. సైగాన్‌లో జపానువారు తమ బాంబరు విమానంలో రెండే చోట్లు ఇవ్వగలమన్నారు. నేతాజీతో హబీబుర్ రహమాన్ ఎక్కారు. తక్కినవాళ్ళు వెనకాల మరో విమానంలో రావాలన్నది ఏర్పాటు. ఆ మరో విమానం రాలేదు. ఆగస్టు 18న తైపేలో నేతాజీ విమానం కూలిపోయిందన్న వార్త వచ్చింది. సముద్రం అడుగున మూడు నెలలు పక్కపక్కనే ఉన్న మనిషి, ఆఖరి ప్రయాణంలో మాత్రం పక్కన లేకపోయారు. ఆ వెలితి ఎలాంటిదో మనం ఊహించుకోవలసిందే.

తరువాత ఖైదు, విచారణలు. అదే సమయంలో ఎర్రకోటలో షా నవాజ్, సెహగల్, ధిల్లాన్‌ల మీద కేసు నడిచింది. ఒక ముస్లిం, ఒక హిందువు, ఒక సిక్కు ఒకే బోనులో నిలబడేసరికి దేశమంతా కదిలింది. ఊరేగింపుల్లో, గోడల మీద ఎక్కడ చూసినా జైహింద్. అంతకుముందు ఒక సైన్యానికి మాత్రమే తెలిసిన మాట అప్పుడు ఇంటింటికీ చేరింది. స్వాతంత్ర్యం వచ్చాక 1947 నవంబరు 21న విడుదలైన స్వతంత్ర భారత తొలి తపాలా బిళ్ళ మీద మూడు రంగుల జెండా, పక్కనే జైహింద్ అన్న అక్షరాలు ఉన్నాయి. విచిత్రం ఏమిటంటే, ఆ మాట కూర్చినవారి సొంతూరు అప్పటికింకా భారతదేశంలో కలవలేదు. హైదరాబాదు నిజాం ఏలుబడిలో ఉంది, దాని తపాలా బిళ్ళలు దానివే. 1948 సెప్టెంబరులో గాని ఆ మాట మన అబిడ్స్ వీధుల్లో స్వేచ్ఛగా వినపడలేదు.

దేశం రెండు ముక్కలైనప్పుడు ఆబిద్ హసన్ భారతదేశాన్నే తన దేశమనుకున్నారు. విదేశాంగ శాఖలో చేరి, ఈజిప్టు, డెన్మార్కు వంటి దేశాల్లో స్వతంత్ర భారతదేశం తరఫున పనిచేశారు. ఒకప్పుడు దేశం లేనివాడిగా యూరప్‌లో తిరిగిన మనిషి, ఆ యూరప్‌కే రాయబారిగా వెళ్ళారు. 1969లో ఉద్యోగం విరమించి సొంతూరు వచ్చేశారు. ఎన్నికల్లో నిలబడలేదు. నేతాజీ పక్కన మూడు నెలలు జలాంతర్గామిలో ఉన్నానని చెప్పుకుంటూ పదవులు అడగలేదు. 1984లో హైదరాబాదులోనే కన్నుమూశారు.

ఆయన అన్న కూతురు సురయా హసన్ బోస్. నేతాజీ అన్న కొడుకును పెళ్ళాడి ఆ కుటుంబానికి కోడలయ్యారు. అంతరించిపోతున్న హిమ్రూ, మష్రూ నేతలకు మళ్ళీ ప్రాణం పోసిన మనిషి ఆమె. దర్గా హుస్సేన్ షా వలీ ప్రాంతంలో మగ్గాలు పెట్టి, భర్తలను పోగొట్టుకున్న ఆడవాళ్ళకు నేత నేర్పి బతుకు చూపించారు. అక్కడే పేద పిల్లల కోసం బడి పెట్టి దానికి సఫ్రానీ మెమోరియల్ స్కూల్ అని చిన్నాన్న పేరు పెట్టారు. 2021లో ఆమె కూడా వెళ్ళిపోయారు. నాయనమ్మ విదేశీ బట్ట తగలబెట్టించింది, మనవరాలు స్వదేశీ బట్ట నేయించింది. ఆ ఇంటి కథ వందేళ్ళలో ఇలా పూర్తయింది.

విద్యార్థి మిత్రులారా! మన బడుల్లో ప్రార్థన ఎలా జరిగేదో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. జెండా ఎగరేస్తారు. దాని రూపకల్పనలో పింగళి వెంకయ్యగారి చెయ్యి ఉందని మనకు తెలుసు. భారతదేశం నా మాతృభూమి అంటూ ప్రతిజ్ఞ చేస్తాం. అది రాసినది నల్గొండ జిల్లాకు చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు, 1962లో. ఆయన పేరు కూడా మనకు చాలా ఆలస్యంగా తెలిసింది. చివర జైహింద్ అంటాం. అది మన ట్రూప్ బజార్ ఇంటివారిది. ఇలా రోజూ పొద్దున్నే ఒక పది నిమిషాల్లో ముగ్గురు మనవాళ్ళను తలుచుకోగలిగి కూడా, పేర్లు తెలియక ఊరుకుంటున్నాం.

వీరులకు విగ్రహాలు కట్టమని అడగడం సులభం. ఆబిద్ హసన్‌కు విగ్రహం ఉంటే సంతోషమే, అబిడ్స్‌లో ఒక చిన్న ఫలకం పెట్టినా సంతోషమే. కానీ ఆయన చేసిన పని విగ్రహం కంటే కష్టమైనది. వేరువేరుగా వండుకుని, వేరువేరుగా మొక్కుకునే మనుషులు పొద్దున్నే ఎదురుపడితే ఏమనుకోవాలన్నది ఆయన ముందున్న ప్రశ్న. ఆ ప్రశ్న ఆనాటి సిపాయిలదే కాదు. మన హాస్టళ్ళలో, మెస్సుల్లో, ఎన్నికలప్పుడు మన కాలేజీ మెట్ల మీద అదే ప్రశ్న మన ముందుకూ వస్తుంది. ఆయన ఒక జవాబు వెతికి ఇచ్చారు. దానికి తగ్గట్టు తన పేరు మార్చుకున్నారు, తన చదువు వదులుకున్నారు, ఇంఫాల్ బురదలో నడిచారు, తిరిగి వచ్చి ఏమీ కోరకుండా ఉండిపోయారు.

జైహింద్ అంటే అరుపు కాదు, పలకరింపు. ఎదురుగా ఉన్న మనిషిని చూసి, నువ్వూ నేనూ ఒకటే అని చెప్పడం. ఈసారి పరేడులో గాని, సభలో గాని ఆ మాట మన నోట వచ్చినప్పుడు, పక్కనున్నవాడి ముఖం ఒకసారి చూద్దాం. మన ఊరి తాతకు మనం ఇవ్వగలిగిన నివాళి అదే.